పట్టుకో, వదులు

బోరా మొదలైన మూడో రోజు
దరీంకా పై అంతస్తు నుంచి దిగొచ్చి నా తలుపు కొట్టింది,
నాలుగేళ్ళ తర్వాత.
"ఒండీనా, నీ ఎడమ చెయ్యి కావాలి" అంది,
చెంచాడు పంచదార అడిగినట్టు.

గ్యారేజీలో ఎర్ర మోటార్‌సైకిల్
ఒంటికాలి మీద ఒరిగి నిలబడి ఉంది.
సీలు మార్చానంది, నూనె మార్చానంది,
పుస్తకంలో చెప్పినట్టే అన్నీ బిగించానంది.
అయినా క్లచ్ పట్టడం లేదు.
"గొట్టంలో గాలి దూరింది."

నవ్వొచ్చింది నాకు.
బయట కొండ దిగొచ్చిన గాలి
ట్రియెస్తె చెత్తడబ్బాలన్నిటినీ రేవు దాకా తరుముతోంది,
ఎవరిదో గొడుగు ఎముకలతో మిగిలి రోడ్డు దాటుతోంది,
ఈమెకేమో ఆవగింజంత గాలి అడ్డమొచ్చింది.

లీవర్ పట్టుకున్నాను.
పెళ్ళిలో ఇష్టంలేని బంధువు ఇచ్చిన చెయ్యిలా ఉంది.
వేళ్ళున్నాయి, పట్టు లేదు.

"నాలుగుసార్లు నొక్కు. ఐదోసారి పట్టుకో.
నేను చెప్పేదాకా వదలకు,
వదిలావంటే వెళ్ళిన గాలిని మళ్ళీ పీల్చుకుంటుంది."

ఆమె ఇంజను పక్కన చతికిలబడింది.
చేపల తొట్టి గొట్టం ఒక కొస చనుమొనలాంటి ఆ మేకుకి,
రెండో కొస ఆలివ్‌కాయల సీసాలోకి.
స్పానర్ పావువంతు తిరిగింది.
నా అరచేతిలో లీవర్ ఒక్కసారి కుంగి
గ్రిప్పుని తాకింది.
లేత తేనె రంగు నూనె, దాని వెంట బుడగలు,
బడి వదిలిన పిల్లల్లా ఒకదాన్నొకటి తోసుకుంటూ.
"బిగించా. వదులు."

పట్టుకో.
వదులు.
పట్టుకో.
వదులు.
నాలుగేళ్ళలో మా మధ్య ఇన్ని మాటల్లేవు.

గొడవ దేనికో చెప్పాలంటే సిగ్గు.
మేడ మీది బట్టల తాడు
నాదా, ఆమెదా అని.
నేను అన్నది ఒకటి,
మెట్ల మీద మూడు నోళ్ళు దాటి ఆమెకి చేరింది ఇంకొకటి.
గాలి కబుర్లు.

పైన గిన్నెలో నూనె చూసుకోమని చెప్పింది నాకు.
కబుర్ల గురించి ఆలోచిస్తూ మరిచిపోయాను.
గుర్రుమని చప్పుడు. గిన్నె అడుగు తేలింది.
చేసిందంతా మళ్ళీ మొదటికి.
దరీంకా స్లోవేన్‌లో తిట్టింది.
అది నాకు అర్థమౌతుందని ఆమెకి తెలుసు.
తడిగుడ్డ తెచ్చి, ట్యాంకు మీద పడిన చుక్కని
రంగు తినకముందే తుడిచి
నేను కూడా స్లోవేన్‌లోనే బదులిచ్చాను.

మళ్ళీ నొక్కాను, ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు.
ముప్పై ఏళ్ళు రేవు గోదాముల్లో
కాఫీ గింజలు తడిమి తేమ చెప్పిన చేతులివి.
ఎక్కడో లోపల మెత్తగా ఏదో తగిలింది.
"ఇంకోటి వస్తోంది" అన్నాను.
వచ్చింది, గొట్టంలో, పెసరగింజంత.
ఆమె మొదటిసారి తలెత్తి
లీవర్ వైపు కాదు, నా వైపు చూసింది.

చీకటిపడే వేళకి లీవర్ గట్టిపడింది,
పూర్తిగా కాదు.
"పైన బోల్టు మలుపులో ఒకటి దాక్కుంది.
తరిమితే రాదు.
గాలి బుద్ధి పైకి పోవడమే,
రాత్రంతా నొక్కి ఉంచితే దానంతటదే ఎక్కిపోతుంది."
సొరుగులోంచి తాడు ముక్క తీసి
లీవర్‌ని గ్రిప్పుకి బిగించి కట్టింది.
నీలం తాడు. రెండు తెల్ల పోగులు.
నేను చూశాను. నేను చూడటం ఆమె చూసింది.
ఇద్దరం చేతులు కడుక్కున్నాం,
ఒకే సబ్బుతో, వంతులవారీగా.

రాత్రి కిటికీలన్నీ పళ్ళు కొరికాయి.
పొద్దున్నే కింద ఇంజను దగ్గి, అందుకుంది.
మంచంలోంచే విన్నాను.
మొదటి గేరు ఖణ్‌మని పడింది.
బండి ఆగిపోలేదు, ముందుకి దూకలేదు.
ఈ గాలిలో ఎవరెక్కడికి పోతారు?
గేరు వేసి, తీసి, మళ్ళీ వేసి, ఆపేసింది.

పాలకోసం తలుపు తీస్తే
గొళ్ళేనికి నీటుగా చుట్టి ఉంది
ఆ నీలం తాడు ముక్క.

అది ఎవరిదో ఇంకా తేలలేదు.